రెండు పావుగంటలు

మా మామయ్యని వీధిలో అందరూ పావుగంట అంటారు. ఎదురుగా అనరులెండి, ఎదురుగా అయితే మాష్టారూ అంటారు. ఇరవయ్యేళ్లు ఓడల మీద ఆఫీసరుగా చేసి దిగిపోయాక, ఓడ ఉద్యోగాలకి వెళ్లేవాళ్లకి శిక్షణ ఇచ్చే బడిలో పదేళ్లుగా పాఠాలు చెబుతున్నాడు కాబట్టి మాష్టారు. పావుగంట అని ఎందుకంటే, ఆయన పావుగంటకి మించి దేన్నీ నమ్మడు కాబట్టి.

మా ఇంటికొస్తే పావుగంటకోసారి లేచి వంటింట్లోకి వెళ్లి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూస్తాడు. పెళ్లికి వెళ్తే భోజనం మధ్యలో గడియారం చూసుకుంటాడు. పెళ్లివారు పాపం వడ్డన ఆలస్యమైందేమోనని కంగారు పడతారు. ఒకసారి నేనే బలవంతాన సినిమాకి తీసుకెళ్లాను. ఆట పూర్తయ్యేలోపు తొమ్మిదిసార్లు బయటికెళ్లి, స్కూటరు పెట్టిన చోటే ఉందో లేదో చూసొచ్చాడు. పదోసారి లేవబోతే వెనక వరసలో ఉన్న పెద్దాయన, "ఆయనకి ఒంట్లో బాగాలేదేమో, ఇంటికి తీసుకెళ్లమ్మా" అని నాతో అన్నాడు. ఆ మాట చెప్పుకుని నెల్లాళ్లు నవ్వాను.

ఇప్పుడు నవ్వను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు కదా, ఆయనది అదే. కాకపోతే ఆకులు పట్టుకున్నది ఆయన, కాలింది మా చేతులు. ఈ సంగతి మాకు ఇరవై ఆరేళ్లు తెలియదు.

మా నాన్న ఓడ మీద సరంగు. అంటే డెక్కు మీద తాళ్లూ గొలుసులూ రంగుడబ్బాలూ పట్టుకు తిరిగే మనుషులందరికీ పెద్ద. మామయ్య అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. చదువైపోయి గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే నాన్నే వెంటబెట్టుకెళ్లి ఓడెక్కించాడు. బావ గ్రీజు చేతులతో ఉన్నచోటే ఉండిపోయాడు, బావమరిది చదివి పరీక్షలు ప్యాసై ఆఫీసరయ్యాడు. చివరికి ఇద్దరూ ఒకే ఓడలో పడ్డారు. నాన్నకి అదెంత గర్వమో అమ్మ చెబుతుంది. పదిమందిలో "సార్" అనేవాడట. ఎవరూ లేకపోతే "ఒరే బామ్మర్దీ" అనేవాడట.

నాకు ఆరేళ్లున్నప్పుడు నాన్న ఓడ మీదే పోయాడు. తర్వాత ఓడ కంపెనీ ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. లంగరు గొలుసు పరుగెత్తుతుండగా తొలగిపొమ్మని చెప్పినా వినకుండా, ప్రమాదకరమైన చోట నిలబడి, తన అజాగ్రత్త వల్ల మరణించాడని అందులో ఉంది. అమ్మ దాన్ని చదివి, నాలుగు మడతలు పెట్టి, కుట్టుమిషను సొరుగులో దారపు రీళ్ల కింద పెట్టింది. అప్పట్లో ఏడ్చే ఉంటుంది. నాకది గుర్తు లేదు. నాకు గుర్తున్నదల్లా ఆవిడ కోపమే.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. మా ఇంట్లో ఆ సామెత చెల్లలేదు. నేను బళ్లో పెన్సిలు పారేసుకుంటే "మీ నాన్న బుద్ధులే. ఆయనా అంతే, చూసుకోలేదు" అనేది. సైకిలు మీంచి పడి మోకాలు చెక్కుకుపోతే, మందు రాస్తూ ఊదుతూ మరీ "ఆయనా చూసుకోలేదు, నువ్వూ చూసుకోవద్దు, ఇద్దరూ కలిసి నన్ను చంపండి" అనేది. నాన్న ఫొటో గోడ మీద ఉండేది కాదు. బీరువాలో చీరల అడుగున బోర్లా పడుకుని ఉండేది. పెళ్లాన్నీ పిల్లనీ తలుచుకుని ఒక్క అడుగు పక్కకి వెయ్యలేని మనిషి మొహం నేను చూడనని అమ్మ పంతం.

ఆ కోపం చేరాల్సిన చిరునామా వేరే ఉంది. ఆ చిరునామా ప్రతి ఆదివారం మా ఇంటికే వచ్చి, ఈ మాటలన్నీ తలొంచుకుని విని, టీ తాగి, గ్యాసు చూసి వెళ్లేది. దొంగకి తేలు కుట్టినట్టు ఉండడమంటే ఏమిటో నేను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. చూస్తున్నానని మాత్రం నాకు తెలియలేదు.

ఇలాంటి ఇంట్లో పెరిగితే మనిషి ఏమవుతుంది? నాలా అవుతుంది. మందుల షాపులో పనిచేస్తాను. చీటీ మూడుసార్లు చదువుతాను, మాత్రలు రెండుసార్లు లెక్కపెడతాను. షాపు యజమాని "నువ్వు మందిచ్చేలోపు రోగం దానంతటదే తగ్గిపోతుందమ్మా" అని ఎత్తిపొడుస్తాడు. నాన్నలా అజాగ్రత్తగా పోకూడదని నా పట్టుదల. చూడండి, ఆ మాట నేను కూడా నమ్మాను. నాకేం తెలుసు?

రెండేళ్ల కిందట మామయ్యకి జ్వరమొచ్చి తగ్గాక, బయట తిండి వద్దని అమ్మ కొన్నాళ్లు నాతో క్యారేజీ పంపింది. ఒకరోజు నేను వెళ్లేసరికి పాఠం ఇంకా అవలేదు. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. కిటికీలోంచి అంతా వినిపిస్తోంది. తెల్లచొక్కాల వాళ్లు ముప్ఫైమంది ఉన్నారు. బల్ల మీద, లంగరు గొలుసులోంచి ఊడదీసిన ఇనప కడియం ఒకటి ఉంది. ఒక్క కడియమే, ఇద్దరు మోస్తే గానీ లేవదట.

"లంగరు వేసేశాం, ఇక కాళ్లు చాపుకుందాం అనుకునేవాడు ఓడెక్కకూడదు," అంటున్నాడు మామయ్య. "లంగరంటే గోడకి కొట్టిన మేకు కాదు. సముద్రం అడుగున బురదని పట్టుకుని ఉంటుంది, అంతే. గాలి పెరిగితే వదిలేస్తుంది. వదిలేశానని మీకు కబురు పెట్టదు. ఓడ మెల్లిగా, నిద్రలో పిల్లాడు మంచం చివరికి జరిగినట్టు జరుగుతుంది. అందుకే కాపలా. ఒడ్డు మీద మూడు గుర్తులు పెట్టుకోండి. లైటుహౌసు, పొగగొట్టం, నీళ్ల ట్యాంకు, ఏదైనా సరే, నేలలో పాతుకున్నది కావాలి. పావుగంటకోసారి దిక్సూచి పెట్టి మూడూ ఏ కోణంలో ఉన్నాయో చూడండి. చూసింది పుస్తకంలో రాయండి. చూడకుండా రాయకండి. గాలి చూడండి. మబ్బు చూడండి. ఇంజను ఎంతసేపట్లో సిద్ధమవుతుందో కనుక్కుని పెట్టుకోండి. అనుమానమొస్తే కెప్టెన్ని లేపండి. తిడితే తిట్టనివ్వండి."

కడియం మీద చెయ్యి వేశాడు. "ఓడ ముక్కు దగ్గర ఒక మనిషి గొలుసు మీద ఇలా అరచెయ్యి పెట్టి చూడాలి. లంగరు పట్టుకుని ఉంటే గొలుసు నిమ్మళంగా ఉంటుంది. అడుగున ఈడ్చుకుపోతుంటే వణుకుతుంది. ఆ వణుకు చేతికి తెలుస్తుంది. ఇది పుస్తకంలో ఉండదు. నాకు ఒక సరంగు నేర్పాడు."

నాన్నే అయి ఉంటాడనుకుని నాకు బాగా అనిపించింది. మా ఇంట్లో నాన్న గురించి ఎవరైనా మంచి చెప్పగా వినడం అదే మొదటిసారి మరి.

తర్వాత మామయ్య ఒక కథ చెప్పాడు. ఎవరో ఒక ఆఫీసరు. వాన పొర కమ్మి ఒడ్డు కనపడకపోతే, గుర్తులకి బదులు పక్కన లంగరేసి ఉన్న ఇంకో ఓడని చూస్తూ కూర్చున్నాడట. అది అక్కడే ఉంది కాబట్టి మనమూ ఇక్కడే ఉన్నాం అనుకున్నాడట. రెండు ఓడలూ ఖాళీవే, ఒకే గాలి, అడుగున ఒకే బురద. రెండూ కలిసి జారుతున్నాయి. ఒకే రైలు పెట్టెలో ఎదురుగా కూర్చున్నవాడు కదలనట్టే ఉంటాడు కదా, అలాగ. "తేలేది ఏదీ గుర్తు కాదు. రాసుకోండి" అన్నాడు. ఆ ఓడకి కాస్త దెబ్బ తగిలిందని చెప్పి కథ ముగించాడు.

క్యారేజీ విప్పుతుంటే అడిగాను. "ఆ ఆఫీసరుకి ఏం శిక్ష వేశారు మామయ్యా?"

"ఏం వెయ్యలేదు. ఆర్నెల్లకి ప్రమోషనొచ్చింది."

"అదెక్కడి న్యాయం? అలాంటివాణ్ణి లంగరుకి కట్టి సముద్రంలో దింపాలి."

"అవును," అన్నాడు. ఆ పూట సగం తిని మూత పెట్టేశాడు. జ్వరం నోరనుకున్నాను.

ఇక పోయినేడు నా వంతొచ్చింది. షాపులో ఒక ముసలాయనకి బీపీ మాత్రలు ఇచ్చాను. అరగంట తర్వాత అర సర్దుతుంటే తట్టింది. ఆయన చీటీలో ఉన్నదానికి రెట్టింపు పవరు డబ్బా ఇచ్చేశాను. మూడు వీధులు పరుగెత్తాను. ఆయన ఇంకా వేసుకోలేదు. నీళ్లగ్లాసు చేతిలో ఉంది. డబ్బా మార్చి, ఆయన గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఆయనే నాకు ఆ నీళ్లు తాగించాడు. షాపుకొచ్చి రిజిస్టరు తీస్తే యజమాని, "తిరిగొచ్చేసింది కదమ్మా, ఇంకెందుకు రాయడం?" అన్నాడు. అయినా రాశాను. తేదీ, టైము, ఏమిచ్చానో, ఏమివ్వాలో రాసి, కింద సంతకం పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో చెప్పాను. అమ్మ కిటికీ పక్కన మిషను మీద దిండు గలీబులు కుడుతోంది. మామయ్య ఎదురుగా కుర్చీలో టీ తాగుతున్నాడు. అమ్మ తల కూడా ఎత్తలేదు.

"నువ్వూ చూసుకోలేదన్నమాట. ఆ రక్తం ఎక్కడికి పోతుందిలే," అంది.

మామయ్య నావైపు చూశాడు. "రిజిస్టర్లో రాశావా?"

"రాశాను."

"ఎవరూ రాయమనకుండానే?"

"తప్పు నాదైతే ఇంకెవరు రాస్తారు మామయ్యా?"

టీ గ్లాసు కింద పెట్టాడు. గడియారం చూసుకోలేదు. అప్పటికి ఆయన వచ్చి అరగంట దాటింది, వంటింట్లోకీ వెళ్లలేదు. ఏదో తేడాగా ఉందని నాకప్పుడే అనిపించింది.

"అక్కా, బావ అజాగ్రత్తపరుడు కాదు."

"వెనకేసుకు రాకురా. ఆఫీసువాళ్లు రాశారుగా," అంది అమ్మ తొక్కుతూనే.

"వాళ్లు నా కాపలా పుస్తకం చూసి రాశారు. నా పుస్తకంలో నేను రాసింది అబద్ధం."

మిషను ఆగలేదు. అమ్మ గలీబు అంచు దాటిపోయినా తొక్కుతూనే ఉంది. బట్ట లేకుండా సూది ఊరికే కిందికీ పైకీ ఆడుతోంది. ఆ చప్పుడులోనే ఆయన చెప్పుకుపోయాడు.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా లంగరు కాపలా ఆయనది. రేవులో చోటు దొరక్క ఓడ బయట లంగరేసి ఉంది. రెండింటికి వాన పొర కమ్మి ఒడ్డు మూసుకుపోయింది. గాలి పెరిగింది. రాడార్ వేసుకోవచ్చు, వెయ్యలేదు. ముందు ప్రమోషను పరీక్ష పుస్తకం తెరిచి ఉంది. తలెత్తి పక్క ఓడని చూశాడు. అది ఎక్కడున్నది అక్కడే ఉంది. కాపలా పుస్తకంలో రెండుంబావు గడిలో పైదానికింద డిటో అని రెండు గీతలు పెట్టాడు. రెండున్నర గడిలో ఇంకో రెండు గీతలు పెట్టాడు. కోణాలు చూడలేదు. రెండూ నలభైకి రేవు నుంచి రేడియోలో కేకలొచ్చాయి. మీరిద్దరూ జారిపోతున్నారు, వెనక రాళ్లు దగ్గరకొచ్చాయి, నిద్రపోతున్నారా అని. కెప్టెన్ పరుగెత్తుకొచ్చాడు. ఇంజను సిద్ధమవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అంత వ్యవధి లేదు. రెండో లంగరు వదలమన్నాడు. సరంగు వదిలాడు. ఆపాల్సిన చోట గొలుసు ఆగలేదు, బ్రేకు పట్టలేదు. నిప్పులు రాలుస్తూ గొలుసు పరుగెత్తింది. వదిలేసి రమ్మని కెప్టెన్ అరిచాడు. పక్కవాళ్లు పరుగెత్తారు. నాన్న మాత్రం బ్రేకు చక్రం వదలకుండా తిప్పుతూనే ఉన్నాడు. బ్రేకు పట్టింది. పట్టిన క్షణంలో దాని ఇనప పట్టీ తెగి ఆయన ఛాతీకి తగిలింది. అప్పటికే లంగరు నేలని కరుచుకుంది. ఓడ ఆగిపోయింది.

"రాళ్లకి ఓడ పొడుగంత దూరం లేదక్కా. ఇరవై ముగ్గురం బతికాం. నేను రెండుంబావుకే చూసి ఉంటే ఇంజను వేసుకుని నిదానంగా బయటపడేవాళ్లం. విచారణకొచ్చినవాళ్లు నా పుస్తకం చూశారు. రెండున్నర దాకా ఓడ కదల్లేదని ఉంది. అయితే ఉన్నట్టుండి జారిందన్నమాట, కాపలావాడి తప్పు లేదన్నమాట. ఇక మిగిలింది బావ. చచ్చినవాడు సంజాయిషీ చెప్పుకోలేడు."

అమ్మ అప్పుడు కాళ్లు ఆపింది. మిషను చక్రాన్ని చేత్తో పట్టుకుంది.

"ఆ పరీక్ష ప్యాసయ్యావు కదరా," అంది.

"అయ్యాను."

"ఇంటింటికీ తిరిగి చెప్పుకున్నాను. మొగుడు పోయి ఆర్నెల్లు కాలేదు, నా తమ్ముడు ప్యాసయ్యాడని చెప్పుకున్నాను."

అమ్మ దారం తెంపి గలీబు పక్కన పడేసింది.

"ఎందుకు చెప్పలేదు?"

"మొదట ఉద్యోగం పోతుందని భయం. తర్వాత నువ్వు బావని తిట్టడం మొదలుపెట్టావు. అప్పటి నుంచి నువ్వేమంటావోనని భయం. ప్రతి ఆదివారం చెప్పేద్దామనే వచ్చేవాణ్ణి. ఇంకో పావుగంటాగి చెబుదాం అనుకునేవాణ్ణి. అలాగే లేచి వెళ్లిపోయేవాణ్ణి."

"ఇరవై ఆరేళ్లు ఆయన్ని నా చేత తిట్టించావురా." అమ్మ గొంతు పెద్దది చెయ్యలేదు. "తండ్రి అజాగ్రత్తవాడని ఈ పిల్లకి ఉగ్గుపాలతో పోశాను. ఊరుకున్నావు. ఇక్కడే కూర్చుని టీ తాగావు. లే. వెళ్లు."

ఆయన లేచాడు. ఏళ్ల అలవాటు కదా, కాళ్లు వాటంతటవే వంటింటివైపు తిరిగాయి.

"మా ఇంట్లో గ్యాసు మేం చూసుకుంటాం," అంది అమ్మ.

ఆ తర్వాత ఆరు వారాలు మా ఇల్లు ఇల్లులా లేదు. అమ్మ బీరువాలోంచి ఫొటో తీసింది కానీ గోడకి పెట్టలేదు. మిషను మీద పెట్టుకుని, దాని మీద తువ్వాలు కప్పేది. ఎందుకమ్మా అంటే, "అప్పుడు కోపంతో చూడలేదు, ఇప్పుడు సిగ్గుతో చూడలేకపోతున్నానే" అంది. నాకు మామయ్య మీద ఒళ్లు మండిపోయేది. మా నాన్నని నాకు తెలియకుండా చేశాడు. నేను ఆయన్ని చూసి ముద్దుగా నవ్విన నవ్వులన్నీ వెనక్కి తీసుకోవాలనిపించేది. కానీ ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన వచ్చి గేటు బయట నిలబడేవాడు. గేటు తోసేవాడు కాదు, పిలిచేవాడు కాదు. సరిగ్గా పావుగంట నిలబడి వెళ్లిపోయేవాడు. ఆయన చొక్కా కాలరు నలిగి ఉండడం చూస్తే నాకు జాలేసేది. జాలేసినందుకు మళ్లీ ఒళ్లు మండేది.

ఏడో ఆదివారం అమ్మ గేటు దాకా వెళ్లింది. గేటు మాత్రం తియ్యలేదు.

"నీ పాఠంలో ఒక ఆఫీసరు కథ చెబుతావట. ఇది చెప్పింది," అని నన్ను చూపించింది. "అందులో మనిషే చావడట కదా. ఆయన లేడేంరా నీ కథలో?"

మామయ్య గేటు ఊచ పట్టుకున్నాడు. "చెప్పలేకపోయానక్కా."

"మళ్లీ ఎప్పుడు చెబుతావు?"

"గురువారం. కొత్త బ్యాచ్."

"వస్తాను. మొత్తం చెప్పు."

అప్పటి నుంచి ఇప్పటికి మూడు బ్యాచ్‌లు అయ్యాయి. మూడుసార్లూ అమ్మ వెళ్లింది. ఇస్త్రీ చీర కట్టుకుని, ఆఖరి బెంచీలో కూర్చుంటుంది. ఆయన ఎక్కడైనా ఒక ముక్క మింగేస్తే, "అది కాదు, ముందు రాడార్ సంగతి చెప్పు" అని అక్కణ్ణుంచే అంటుంది. నాకు తెలిసి ఆ బడిలో ఎవరూ లంగరు కాపలా పరీక్ష తప్పరు. తమ్ముణ్ణి క్షమించిందా అని నన్ను అడక్కండి. టీ అయితే ఇంతవరకూ ఇవ్వలేదు. ఆఫీసుకి నిజం రాయించింది కానీ, ఆ కంపెనీ ఎత్తేసి పదేళ్లయిందని ఉత్తరం తిరిగొచ్చింది. నాన్న అజాగ్రత్త వల్ల పోయాడన్న కాగితాన్ని దిద్దేవాళ్లు ఇక ఎవరూ లేరు. నేనూ అమ్మ వెంట వెళ్లిన ఆ మొదటి గురువారం ఏం జరిగిందో చెప్పి ఊరుకుంటాను.

ఆ రోజు మామయ్య మూడు గుర్తుల సంగతి చెప్పాడు, గాలి సంగతి చెప్పాడు. కథ దగ్గరికొచ్చేసరికి సుద్దముక్క కింద పెట్టేశాడు. "ఆ ఆఫీసరు నేనే. చనిపోయిన సరంగు మా అక్క భర్త. వెనక కూర్చున్నది మా అక్క," అన్నాడు. ముప్ఫై తలలు వెనక్కి తిరిగాయి. అమ్మ ముందుకే చూస్తూ కూర్చుంది. ఇంట్లో చెప్పినదంతా వాళ్లకీ చెప్పాడు. పరీక్ష పుస్తకం, గీతలు, రాళ్లు, బ్రేకు పట్టీ. అయిపోయిందనుకుని నేను చేతిసంచి తీసుకున్నాను.

"ఇంకొకటి ఉంది," అన్నాడు. "ఇది ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ మాట విన్నది నేనొక్కణ్ణే."

ఇనప కడియాన్ని చూస్తూ చెప్పాడు.

"రెండుంబావుకి సరంగు ముక్కు దగ్గర్నుంచి వాకీటాకీలో పిలిచాడు. 'సార్, గొలుసు వణుకుతోంది, ఒకసారి గుర్తులు చూడండి' అన్నాడు. పక్క ఓడ అక్కడే ఉంది, ఏం ఫర్వాలేదన్నాను. రెండున్నరకి మళ్లీ పిలిచాడు. ఈసారి సార్ అనలేదు. 'ఒరే బామ్మర్దీ, నా మాట వినరా, చెయ్యి పెట్టి చూశాను, ఇది పట్టుకోలేదు' అన్నాడు. నాకు చదువుకి అడ్డమనిపించింది. వాకీటాకీ గొంతు తగ్గించి, పుస్తకంలో గీతలు పెట్టాను."

ఎవరూ రాసుకోవడం లేదు. అమ్మ లేచింది. ఆవిడ లేవగానే తెల్లచొక్కాల వాళ్లందరూ ఎందుకో లేచి నిలబడ్డారు. వాళ్ల మధ్యలోంచి నడిచి బల్ల దగ్గరికి వెళ్లింది. తమ్ముణ్ణి కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఆయనవైపు చూడను కూడా చూడలేదు. ఆ ఇనప కడియం మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంది. తర్వాత బయటికి నడిచింది.

వరండాలో నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది, ఇనుము తుప్పు అంటుకుని ఉంది. అమ్మ ఏడవడం నేను చూడ్డం అదే మొదలు.

"విన్నావుటే?" అంది. "చూశాడటే. మీ నాన్న చెయ్యి పెట్టి మరీ చూశాడట. రెండుసార్లు చెప్పాడటే."